ఎట్లనన్న ఇంట్లనే ఉంటవు గదా!

దీపావళి పోయిన వారానికి మా ఇంటి వెనక కొట్టంలో ఒక ఊరకుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడు మగవి, ఒకటి ఆడది. మా పిల్లగాడు మూడో తరగతి. బడి నుంచి రావడం, సంచి పారేయడం, కొట్టంలోకి పరుగెత్తడం. రెండు వారాలకు పిల్లలు కళ్లు తెరిచాయి. ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు వాడు అడిగాడు: "అమ్మా, ఒకదాన్ని మనం పెంచుకుందామా?" నేను నోరు తెరిచేలోపే మా ఆయన జవాబు చెప్పేశాడు: "పెంచుకుందాం తియ్యి. మీ అమ్మ ఎట్లనన్న ఇంట్లనే ఉంటది గదా!"

తెల్లారి ఫోన్లో మా ఆడిబిడ్డ కూడా అదే మాట అన్నది. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు, నాలాగే సాహిత్యంలో పరిశోధన చేసిన మనిషి, అదే మాటను కొంచెం నాగరికంగా చెప్పింది. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకు కుక్కపిల్లను పెంచడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదట. ఇంతమంది ఇన్ని సలహాలు చెప్పారు గానీ "నువ్వు పనిలో ఉంటవు గదా, నీకెట్ల వీలైతది?" అని ఒక్కరూ అడగలేదు. నా గొడవంతా ఆ అడగని ప్రశ్న గురించే.

నేను చేసే పనేమిటో చెప్పాలి. ధర్పల్లిలో మా ఇంటి మీది అర్రలో కూర్చుని, బడిపిల్లల ఆన్‌లైన్ పాఠాలకు తెలుగు సరిదిద్దుతాను. రోజుకు ఎనిమిది గంటలు. తెర మీద నా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతూ ఉండాలి. పావుగంట చెయ్యి కదలకపోతే అది పసుపు రంగుకు మారుతుంది. వెంటనే పైవాళ్ల నుంచి మెసేజ్. ఆ పని ముగిశాక, వంట ముగిశాక, పిల్లవాడి హోంవర్కు ముగిశాక, రాత్రి పది దాటాక నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా తిరగరాస్తున్నాను. మూడేళ్లుగా మూడో అధ్యాయం దగ్గరే ఉన్నాను. అయినా మా ఇంట్లో లెక్క ప్రకారం మా ఆయన "డ్యూటీకి పోతాడు", నేను "ఇంట్లో ఉంటాను".

ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అని నవ్వే మిత్రులుంటారు. కుక్కపిల్ల కూడా కవిత్వానికి తగిన వస్తువేనని శ్రీశ్రీ ఎప్పుడో తేల్చాడు. మన అభ్యుదయ సాహిత్యం దాన్ని మంత్రంలా అప్పజెప్పుకుంది. మంచిదే. కానీ కవితలోని కుక్కపిల్ల ఉచ్చ పోయదు. ఇంట్లోకి వచ్చిన కుక్కపిల్ల పోస్తుంది. ఆ తుడుపుగుడ్డ ఎవరి చేతిలో ఉంటుందన్నది కవిత్వం అడగని ప్రశ్న. దాన్ని అడగాల్సింది మనమే.

అందుకే కాయితం, కలం తీసుకుని లెక్క వేశాను. రెండు నెలల కుక్కపిల్లకు రోజుకు నాలుగు పూటలు తిండి పెట్టాలి. మేలుకొని ఉన్నంతసేపు సుమారు రెండు గంటలకోసారి బయటికి తీసుకుపోవాలి. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే మళ్లీ తీసుకుపోవాలి. రాత్రి ఒకటి రెండుసార్లు లేవాలి. ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా. అక్కడి నుంచి పదహారో వారం దాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ టీకా. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటేటా. నులిపురుగుల మందు వేరే. పార్వో సోకితే వాంతులు, రక్త విరేచనాలు, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కుక్కకైనా మనిషికైనా బతికే ఆశ దాదాపు ఉండదు. పిల్లలున్న ఇంట్లో ఆ టీకా విషయంలో అశ్రద్ధ పనికిరాదు. పళ్లు మారేదాకా చెప్పులు, తలుపు మూలలు, కంప్యూటర్ వైర్లు కొరుకుతుంది. పెద్దదయ్యాక పది నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. మా పిల్లవాడు కాలేజీ ముగించి ఎక్కడికో వెళ్లిపోయాక కూడా ఇక్కడే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను గదా!

మొదటి నాలుగు నెలలు రోజుకు మూడు గంటల పని అని నా లెక్క తేలింది. అదీ ఒక్క దెబ్బకు అయిపోయే మూడు గంటలు కాదు. పది నిమిషాల ముక్కలుగా రోజంతా చెదిరిపోయే మూడు గంటలు. చదివే, రాసే పని చేసేవాళ్లకు ఆ ముక్కల ఖరీదు తెలుసు. ఒక వాక్యం మధ్యలో లేచిపోతే మళ్లీ ఆ వాక్యంలోకి రావడానికి పావుగంట పడుతుంది. మా ఆయనకు కాయితం చూపించాను. "టీకాలకు నిజామాబాద్ నువ్వే తీస్కపో, నీకు బస్సు ఫ్రీ గదా" అన్నాడు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం వచ్చినప్పుడు నేను ఎంతో సంబరపడ్డాను. ఆ హక్కు కూడా తిరిగొచ్చి నా నెత్తిన మరో పనిగా కూర్చుంటుందని అప్పుడు తోచలేదు.

"ఇంట్లో ఉండడం" అంటే ఏమిటసలు? మగవాడు ఇంట్లో ఉంటే విశ్రాంతిలో ఉన్నట్టు. ఆడది ఇంట్లో ఉంటే అందుబాటులో ఉన్నట్టు. గ్యాస్ బండ వచ్చినా, కరెంటు బిల్లు మనిషి వచ్చినా, పక్కింటివాళ్లు తాళం చెవి ఇచ్చిపోవాలన్నా తలుపు తీసేది ఆమే. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వాటికి పెడుతున్నారు. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఆ అంకెలు 299, 97. ఐదేళ్లలో మన భారం పది నిమిషాలు తగ్గింది, వాళ్లది తొమ్మిది నిమిషాలు తగ్గింది. మధ్యలో 2020 వచ్చింది, లాక్‌డౌన్ వచ్చింది, మగవాళ్లంతా నెలల తరబడి ఇంట్లోనే ఉన్నారు. ఇంట్లో ఉన్నవాళ్లే ఇంటిపని చేయాలన్నది నిజంగా న్యాయసూత్రమే అయితే ఆ నెలల్లో అది వాళ్లకెందుకు వర్తించలేదు?

అయినా మన జిల్లాకు "ఇంటి నుంచి పని" 2020లో వచ్చిందా? ధర్పల్లిలో గానీ, సిరికొండలో గానీ, ఇందల్వాయిలో గానీ ఏ వాకిట్లోకైనా పోయి చూడండి. చాట ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు నానబెట్టి, కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, మూతి మలిచి, దారం కట్టి, వెయ్యికి ఇంత అని కార్ఖానాకు అప్పజెప్పే ఆడవాళ్లు. మా అత్తమ్మ ముప్పై ఏండ్లు ఆ పని చేసింది. ఒక కాలితో ఊయల ఊపుకుంటూ, రెండు చేతులతో బీడీలు చుట్టుకుంటూ ముగ్గురు పిల్లల్ని పెంచింది. మామయ్య మస్కట్‌లో ఏడేండ్లు ఉన్నాడు. ఆయన "పనికి పోయిండు". ఈమె "ఇంట్ల ఉన్నది". ఇంటి లెక్కలు రాసుకోవడానికి వచ్చిన సారు ఏం పని చేస్తవమ్మా అని అడిగితే, ఒళ్లో చాట అట్లాగే ఉండగా, "ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంట" అని చెప్పిందట. ఆ మాట ఆమే నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం, ఇంటికి ఆకు తెచ్చుకుని చుట్టేవాళ్లు కూడా కార్మికులేనని గుర్తించింది. ఆ చట్టం చెల్లుతుందని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 నాటి కార్మిక కోడ్‌లలో ఇప్పుడది కలిసిపోయింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు భృతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పీఎఫ్ నంబరు అడిగారు. మా అత్తమ్మ ఇనుప పెట్టెలోంచి మడతలు పడ్డ కాయితం ఒకటి బయటికి తీసింది. ముప్పై ఏండ్లు ఆమె పని చేసిందని చెప్పడానికి ఆ ఇంట్లో ఉన్న సాక్ష్యం ఆ కాయితమొక్కటే. ఇంట్లో మనుషులెవరూ ఆ సాక్ష్యం చెప్పలేదు.

బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడినప్పుడు శక్కర్‌నగర్ మొత్తం పని పోయిందని ఏడ్చింది. ఆ దుఃఖం నిజమైనదే, ఇప్పటికీ తీరలేదు. కానీ ఒకటి గమనించండి. ఫ్యాక్టరీకి గేటుంది, షిఫ్టుంది, మస్టరుంది. గేటు దాటి లోపలికి పోతే పని, బయటికొస్తే ఇల్లు. అందుకే అది పోయినప్పుడు ఏం పోయిందో ఊరందరికీ తెలిసింది. ఇంట్లో చేసే పనికి గేటు లేదు. కార్ఖానా ఆకు తగ్గించి నెలలో సగం రోజులే పని ఇస్తే, ఆ ఇంట్లోవాళ్లే "పోనీ, జర తీరిక దొరికింది" అంటారు. తీరిక దొరికిందనగానే ఇంకో పని సిద్ధం.

గోదావరి జిల్లాలో నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ 1982లో ఒక పుస్తకం రాసింది. ఆ లేసు విదేశాలకు పోతుంది, దాని మీద ఎగుమతిదారులు సంపాదిస్తారు, అల్లే స్త్రీలు మాత్రం తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కకు వస్తారు. గృహిణి అన్న ముద్ర వల్లే వాళ్ల కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె వాదన. నలభై ఏళ్లు దాటింది. లేసు స్థానంలో లాప్‌టాప్ వచ్చింది. ముద్ర మారలేదు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకూ మిగతా కార్మికులతో సమాన హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. ప్రభుత్వమే ఒప్పుకోని మాటను మా ఆయన ఒప్పుకోలేదని వాపోవడం నా అమాయకత్వం కావచ్చు.

ఇక్కడొక నిజం చెప్పాలి. నాకు కుక్కపిల్ల కావాలి. ఆ నాలుగింటిలో ఆడపిల్లకు ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంటుంది. పొద్దున నేను కొట్టం దగ్గరికి పోతే అది నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వదలదు. మూడో అధ్యాయంలో మునిగి ఎవరితోనూ మాట్లాడలేని రాత్రుల్లో అది నా కాళ్ల దగ్గర పడుకుంటే బాగుండునని నాకూ అనిపించింది. కానీ ఈ మాట ఇంట్లో పైకి అనలేకపోయాను. ఎందుకంటే "నాకు ఇష్టం" అని ఒక ఆడది అన్న మరుక్షణం అది ఆమె బాధ్యత అయిపోతుంది. ఇష్టంగా చేసేది పనెట్లా అవుతుంది? పిల్లల్ని పెంచడం గురించీ ఇదే మాట, ముసలివాళ్లకు చేయడం గురించీ ఇదే మాట. 1970లలో ఇంటిచాకిరీకి జీతం కావాలని ఇటలీలో, ఇంగ్లండ్‌లో, అమెరికాలో స్త్రీవాదులు పోరాడినప్పుడు వాళ్లకు ఎదురైన జవాబు కూడా ఇదే. ఇప్పుడు నగరాల్లో కుక్కను పెంచే ఆడవాళ్లను "మమ్మీ" అనడం మొదలైంది. మురిపెంగా ఉంటుంది ఆ పిలుపు. కానీ అమ్మ అన్న పేరు పెట్టాక సెలవు అడిగే హక్కు ఉండదని అమ్మలందరికీ తెలుసు.

మగవాళ్లకు కుక్కల మీద ప్రేమ లేదని కాదు. మహాభారతంలో మహాప్రస్థానానికి బయలుదేరిన ధర్మరాజు, దారిలో ద్రౌపది పడిపోతే, అర్జునుడి మీద పక్షపాతం చూపింది కనుక పడిందని కారణం చెప్పి ముందుకు నడిచాడు. వెంట వచ్చిన కుక్క కోసం మాత్రం స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడితో వాదించాడు, అది లేకుండా రథమెక్కనన్నాడు. దాన్ని మనం ధర్మానికి పరాకాష్ఠ అని పాఠాలు చెప్పుకున్నాం. అంతదూరం ఆ కుక్కకు తిండి ఎవరు పెట్టారో కథలో లేదు. కుక్కపై మగవాడి ప్రేమ ఎప్పుడూ స్వర్గద్వారం దగ్గరే కనిపిస్తుంది. తుడుపుగుడ్డ దగ్గర కనిపించదు.

హైదరాబాద్ స్నేహితురాలు దీనికొక పరిష్కారం చెప్పింది: "నీకు చేతకాకపోతే పనామెకు చెప్పు, ఐదువందలు ఎక్కువియ్యి." ఈ పరిష్కారం పాతదే. ఎలిజబెత్ బారెట్ అనే కవయిత్రి పెంచుకున్న కుక్క కథను వర్జీనియా వుల్ఫ్ 1933లో 'ఫ్లష్' అనే పుస్తకంగా రాసింది. రచయిత్రికి తనదంటూ ఒక గది కావాలని 1929లో చెప్పిన వుల్ఫే. ఆ ఇంట్లో విల్సన్ అనే పనిమనిషి ఉంది. ఆ కవయిత్రి వెంట ఇటలీ దాకా వెళ్లిన మనిషి. కుక్క జీవితానికి పుస్తకమంతా దక్కింది, విల్సన్ జీవితానికి చివర్న ఒక నోట్సు దక్కింది. ఆ అన్యాయం వుల్ఫ్‌కు తెలియకపోలేదు, అందుకే ఆ నోటు అంత పొడుగ్గా రాసింది. కానీ నోటు నోటే. మా ఇంటికి గిన్నెలు తోమడానికి వచ్చే అక్క తన ఇంటి దగ్గర బీడీలు కూడా చేస్తుంది. నా మూడు గంటల భారాన్ని ఆమె నెత్తిన పెట్టి నేను స్త్రీవాద పుస్తకం పూర్తిచేస్తే, ఆ పుస్తకంలో ఆమె ఏ నోట్సులో ఉండాలి? భారం నా చేతి నుంచి ఇంకో ఆడదాని చేతికి మారడాన్ని నేను విముక్తి అనలేను.

ఈలోగా ఎనిమిది వారాలు దాటాయి. మూడు మగపిల్లల్ని మూడు ఇండ్లవాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఆడపిల్ల మిగిలింది. వచ్చిన ప్రతివాళ్లూ ముందు తోక లేపి చూశారు. "ఆడిదా? వద్దు. ఏడాదికి రెండుమాట్ల ఈనుతది, ఎవలు సాకాలె?" రామారెడ్డి కాలభైరవుడికి మొక్కేవాళ్లే, ఆయన వాహనం కుక్కేనని తెలిసినవాళ్లే ఈ మాట అన్నారు. ఆపరేషన్ చేయిస్తే పిల్లలు పుట్టవు గదా అంటే "కుక్కకు గూడ ఆపరేషనా!" అని నవ్వారు. నవ్విన ఇండ్లలో ఆడవాళ్లందరికీ ఆపరేషన్లు అయ్యాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కల్లో దేశంలో పెళ్లయిన స్త్రీలలో కుటుంబ నియంత్రణకు తమ ఆపరేషన్ మీదే ఆధారపడ్డవాళ్లు 37.9 శాతం, మగవాడి ఆపరేషన్ మీద ఆధారపడ్డవాళ్లు 0.3 శాతం. పిల్లలు పుట్టకుండా చూసుకునే పని కూడా ఇంట్లో ఉండేవాళ్లదే కాబోలు.

ఆ సాయంత్రం అత్తమ్మ ఒక మాట అన్నది: "కుక్కను సాకుడు పెద్ద ముచ్చట గాదు బిడ్డా. కుక్క పని ఎవలు జేస్తరో అది జెప్పుమను ముందుగాల." నేను చదివిన సిద్ధాంతాలన్నీ తిరిగి తిరిగి చెప్పేది ఇదే. కాకపోతే ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది.

వంటింటి గోడ మీద కాయితం అంటించాను. కుక్కపిల్లను ఇంట్లోకి తేవడానికి ముందు పదిహేను రోజులు దానికి కొట్టంలోనే చేయాలి. పొద్దున ఆరింటికి తిండి, కొట్టం ఊడ్చడం మా ఆయన వంతు. సాయంత్రం తిండి, నీళ్లు పిల్లవాడి వంతు. మధ్యాహ్నం, రాత్రి నా వంతు. టీకాకు నిజామాబాద్ ఆదివారం ముగ్గురం పోవాలి. ఒకరి వంతు ఇంకొకరు చేయకూడదు.

పిల్లవాడు రెండుసార్లు మరిచిపోయాడు, మూడోసారి నుంచి తనే గుర్తుపెట్టుకున్నాడు. మా ఆయన ఆరుసార్లు మరిచిపోయాడు. ఒక పొద్దున ఎనిమిదైనా గిన్నె ఖాళీగా ఉంది, కుక్కపిల్ల తలుపు గీరుతోంది. నా తెర మీద ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. మెట్ల దాకా వచ్చి ఆగిపోయాను. సాకే పనిలో ఉన్నవాళ్లు సమ్మె ఎందుకు చేయలేరో అక్కడ నిలబడితే తెలిసింది. ఫ్యాక్టరీలో సమ్మె చేస్తే యజమానికి నష్టం. ఇంట్లో సమ్మె చేస్తే ఏ పాపం ఎరుగని ప్రాణం ఆకలితో ఏడుస్తుంది. మన మీద ఈ వ్యవస్థకున్న ధీమా అదే. చివరికి డ్యూటీలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. "నువ్వు పెట్టరాదూ, ఇంట్లనే ఉన్నవ్ గదా" అన్నాడు. "నేనూ డ్యూటీల ఉన్న" అన్నాను. ఇన్నేళ్ల సంసారంలో ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ పొద్దు తిండి అత్తమ్మ పెట్టింది. అంటే ఆ రోజు కూడా గెలిచింది పాత పద్ధతే.

అందుకే పదిహేనో రోజు నేను వద్దన్నాను. కుక్కపిల్ల వద్దని కాదు, ఈ పద్ధతిలో వద్దని. మా పిల్లవాడు ఏడ్చాడు. ఆడిబిడ్డ ఫోన్ చేసి "చదువుకున్నోళ్లకు మనసు రాయైతది" అన్నది. నా మనసు సంగతి నాకు తెలుసు. దానికి మొదటి టీకా వేయించాం, కొట్టంలో గోనెసంచి పరిచాం, తల్లి కూడా అక్కడే ఉంది. గోడ మీద కొత్త కాయితం అంటించాను, ఒకటో తారీఖు నుంచి లెక్క మళ్లీ మొదలు. ఈసారి అత్తమ్మ పేరు కింద "సెలవు" అని రాశాను. ముప్పై ఏండ్ల పనికి ఆమెకు ఇంట్లోవాళ్లు ఇచ్చిన మొదటి సెలవు అది.

లాప్‌టాప్ ముందరో, కుట్టుమిషన్ ముందరో, చాట ముందరో కూర్చున్న మనందరికీ ఈ మాట రేపు ఇంకో రూపంలో వస్తుంది. మంచం పట్టిన పెద్దమనిషి రూపంలో రావచ్చు, ఊరికి పోయేవాళ్లు వదిలిపోయే పసిపిల్ల రూపంలో రావచ్చు, కుక్కపిల్ల రూపంలోనూ రావచ్చు. ప్రతిసారీ ముద్దుగానే వస్తుంది, కాదంటే మనమే రాక్షసులమన్నట్టుగా వస్తుంది. అప్పుడు మనం ప్రేమ ఉందా లేదా అన్న వాదంలోకి దిగొద్దు. ఏ గంట ఎవరిదో అడుగుదాం. పేర్లు కాయితం మీద రాయమందాం. మన గంటలకు ఒక గేటు పెట్టుకుందాం.

ఇది రాస్తుంటే కింద కుక్కపిల్ల అరుస్తోంది. టైము సాయంత్రం ఐదున్నర. నా వంతు కాదు. మెట్ల మీద చిన్న కాళ్ల చప్పుడు వినబడుతోంది, పిల్లవాడు గిన్నె తీసుకుని పోతున్నాడు.